మన్యంలో సాహస యాత్ర: ముందస్తు ప్రణాళిక, భద్రత, గిరిజన గ్రామాల మర్యాద

(ప్రత్యేక వ్యాసం)

తూర్పు కనుమలలో గోదావరి మన్యంగా ప్రసిద్ధి చెందిన రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు, దేవీపట్నం ప్రాంతాలకు వర్షాకాలం ముగిసినది మొదలు వేసవి ఆరంభం వరకు సందర్శకులు విశేషంగా తరలివస్తున్నారు. ఒకప్పుడు కుటుంబ సమేతంగా పాపికొండల వరకు పడవలో వెళ్లి రావడమే ఇక్కడ విహారయాత్రగా ఉండేది. ఇప్పుడు యువత అడవిలో కాలినడక, కొండలెక్కడం, గుడారాలలో బస, గిరిజన గ్రామాల సందర్శన వంటి సాహస యాత్రలను కోరుకుంటున్నారు. 2020, 2021 సంవత్సరాలలో 'పుష్ప' చలనచిత్రం చిత్రీకరణ మారేడుమిల్లి అడవులలో జరిగిన తరువాత ఈ ఆసక్తి మరింత పెరిగింది.

ఇటువంటి యాత్ర ఆనందదాయకంగా ముగియడం, విషాదంగా మారడం చాలావరకు బయలుదేరడానికి ముందు చేసుకున్న ఏర్పాట్లపైనే ఆధారపడి ఉంటుంది. సందర్శకులు వెచ్చించే సొమ్ము గిరిజన కుటుంబాలకు చేరుతుందా, లేక మధ్యవర్తుల వద్దనే నిలిచిపోతుందా అన్నదీ ఆ ఏర్పాట్లలోనే తేలిపోతుంది. పర్యాటక కథనాలు రాసే పాత్రికేయులకు, బృందాల పర్యటనలు ఖరారు చేసే అధికారులకు ఉపకరించే విధంగా ఈ అంశాలను వివరించడమైనది.

ఏ రకమైన అడవి?

ఉష్ణమండల వర్షారణ్యాలు మన దేశంలో ప్రధానంగా పడమటి కనుమలు, ఈశాన్య రాష్ట్రాలు, అండమాన్ నికోబార్ దీవులలో ఉన్నాయి. ప్రచార పత్రాలలో మారేడుమిల్లి అడవులను కూడా వర్షారణ్యాలుగా పేర్కొనడం కద్దు. వాస్తవానికి ఇవి తేమతో కూడిన ఆకురాల్చు అడవులు. లోయలలోను, వాగుల వెంబడి మాత్రం పాక్షిక సతతహరిత వృక్షాలు దట్టంగా కానవస్తాయి. ఈ తేడా కేవలం శాస్త్రజ్ఞులకు సంబంధించినది కాదు. వేసవి సమీపించే కొద్దీ ఈ అడవి ఆకు రాల్చి ఎండిపోతుంది. అప్పుడు ఆర్పకుండా పడవేసిన ఒక్క సిగరెట్టు ముక్క కొండంతా తగులబెట్టగలదు. వర్షాకాలంలోనైతే, పై కొండలలో కురిసిన వాన దిగువ వాగులోకి అతి వేగంగా చేరుతుంది. దిగువన ఆకాశం నిర్మలంగా ఉన్నప్పటికీ ప్రవాహం పెరగవచ్చు.

అడవి దున్న, చిరుత, ఎలుగుబంటి, కణితి మొదలైన జంతువులకు, గిరినాగుకు, బంగారు బల్లికి, అనేక జాతుల పక్షులకు ఈ కొండలు ఆవాసం. పాపికొండల అడవులు 1978లో అభయారణ్యంగాను, 2008లో జాతీయ ఉద్యానంగాను ప్రకటింపబడ్డాయి. అభయారణ్యంలోనైనా, జాతీయ ఉద్యానంలోనైనా సందర్శకులు ప్రవేశించుటకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి తప్పనిసరి. రిజర్వు అటవీ ప్రాంతంలో ఇష్టానుసారం గుడారం వేయడం, నిప్పు రాజేయడం, చెట్లు నరకడం శిక్షార్హమైన నేరాలు.

ఎప్పుడు వెళ్లాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు కాలినడక యాత్రలకు అనువైన కాలం. ఈ నెలలలో రాత్రివేళ చలి, తెల్లవారుజామున పొగమంచు ఉంటాయి గనుక ఉన్ని దుస్తులు వెంట ఉండాలి. ఘాట్ రోడ్లపై రాత్రి ప్రయాణం మానుకొని, చీకటి పడక మునుపే బసకు చేరుకునే విధంగా సమయం నిర్ణయించుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు జలపాతాలు నిండుగా కనిపించినప్పటికీ, అదే కాలంలో ప్రమాదాలు కూడా అధికం. మార్చి నుంచి మే వరకు ఎండ తీవ్రత, కార్చిచ్చు భయం దృష్ట్యా దీర్ఘ కాలినడకలు పెట్టుకోరాదు.

ఈ హెచ్చరికల వెనుక చేదు అనుభవాలు ఉన్నాయి. 2019 సెప్టెంబరు 15న వరద ఉధృతిలో ఉన్న గోదావరిపై పాపికొండలకు బయలుదేరిన పర్యాటక బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద మునిగిపోయింది. బోటులో 77 మంది ఉండగా, 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. ఆ దుర్ఘటన దరిమిలా బోటింగ్ నియంత్రణకు ప్రత్యేక కంట్రోల్ రూములు ఏర్పాటయ్యాయి. 2021 నవంబరులో గాని పాపికొండల విహారం తిరిగి ప్రారంభం కాలేదు. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి సమీపంలోని జలతరంగిణి జలపాతం వద్ద హఠాత్తుగా పెరిగిన ప్రవాహంలో ముగ్గురు వైద్య విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండు దుర్ఘటనలూ సెప్టెంబరు నెలలోనే, నీరు పొంగే కాలంలోనే సంభవించిన విషయం గమనార్హం. గోదావరికి వరద హెచ్చరిక ఉన్న రోజున పడవ ప్రయాణాన్ని, ఎగువన వర్షం కురుస్తున్న రోజున జలపాత స్నానాన్ని రద్దు చేసుకోవడమే శ్రేయస్కరం. టిక్కెట్టుకు చెల్లించిన సొమ్ము పోయినా మరల సంపాదించుకోవచ్చు.

నాలుగు రోజుల యాత్రకు నమూనా ప్రణాళిక

మొదటి రోజు: రాజమహేంద్రవరం నుంచి మారేడుమిల్లికి సుమారు 85 కిలోమీటర్ల దూరం. ఉదయాన్నే బయలుదేరి రంపచోడవరం చేరుకొని, అవసరమైన మందులు, ఇంధనం, నగదు అక్కడే సమకూర్చుకోవాలి. ముందుకు వెళ్లే కొలది ఫోన్ సంకేతాలు అందని ప్రాంతాలు ఎదురవుతాయి గనుక ఫోన్ ద్వారా చెల్లింపులపై పూర్తిగా ఆధారపడరాదు. మధ్యాహ్నానికి మారేడుమిల్లి చేరి, అటవీ సిబ్బందిని కలిసి, అనుమతులు, వాతావరణం, మూసివేసిన మార్గాల వివరాలు తెలుసుకోవాలి. ఆ రోజుకు ఇంతకు మించి కార్యక్రమం పెట్టుకోకుండా ఉండటం మంచిది.

రెండవ రోజు: స్థానిక మార్గదర్శకుని వెంట అడవిలో కాలినడక. మారేడుమిల్లి వద్ద వాలమూరు మొదలైన గ్రామాల వన సంరక్షణ సమితులు సామాజిక పర్యావరణ పర్యాటకంలో చాలా కాలంగా పాలుపంచుకుంటున్నాయి. బస, భోజనం, మార్గదర్శనం సమితి సభ్యుల ద్వారా ఏర్పాటు చేసుకున్నచో ఆ ఆదాయం గ్రామానికే చేరుతుంది. నడక ఉదయం 6 గంటలకు ఆరంభించి మధ్యాహ్నానికి ముగించాలి. బృందంలో అందరికన్నా నెమ్మదిగా నడిచే వ్యక్తి వేగాన్ని బట్టి దూరం నిర్ణయించాలే గాని, ఉత్సాహవంతుల వేగాన్ని బట్టి కాదు.

మూడవ రోజు: గిరిజన గ్రామ సందర్శన, వారపు సంత రోజైతే సంత. సంతలో కొండ చీపుళ్లు, అడ్డాకులు, చింతపండు, కుంకుడుకాయలు, తేనె, వెదురు బుట్టలు లభిస్తాయి. కొండపైకి వెళ్లదలచినవారు గుడిస పచ్చిక మైదానాలకు వెళ్లడం పరిపాటి. అయితే పచ్చికపై వాహనాలు నడపడం, ప్లాస్టిక్ వ్యర్థాలు వదలివేయడం వల్ల ఆ కొండకు తీవ్ర నష్టం జరుగుతోంది. అక్కడి ప్రవేశ నిబంధనలు కాలానుగుణంగా మారుతుంటాయి గనుక బయలుదేరే రోజునే అటవీశాఖ వద్ద విచారించుకోవాలి.

నాలుగవ రోజు: తిరుగు ప్రయాణం. అనుమతి, వాతావరణం అనుకూలించినచో గోదావరి విహారం. వర్షం వల్లనో, రహదారి మూసివేత వల్లనో ఒక రోజు వృథా అయ్యే అవకాశం ఉన్నందున, తిరుగు రైలును, విమానాన్ని అదే రాత్రికి నిర్ణయించుకోరాదు. తిరిగి చేరే సమయానికి ఆతురత పడిన డ్రైవరు ఘాట్ రోడ్డు మలుపులలో చేసే పొరపాటు అందరికీ ప్రాణాంతకం కాగలదు.

పాత కరపత్రాలలోని గ్రామాలు

పాపికొండల యాత్రకు సంబంధించి పాత కరపత్రాలను, మార్గదర్శక పుస్తకాలను యథాతథంగా అనుసరించరాదు. పోలవరం ప్రాజెక్టు కాఫర్ డ్యామ్ నిర్మాణం అనంతరం నదిలో నీటిమట్టం పెరిగి, దేవీపట్నం తదితర మండలాలలోని పలు గ్రామాలు ముంపునకు గురయ్యాయి. అనేక కొండరెడ్డి, కోయ కుటుంబాలు పునరావాస కాలనీలకు తరలివెళ్లాయి. ఛాయాచిత్రాలలో అందంగా కనిపించే కొన్ని ఒడ్డు గ్రామాలు నేడు ఆ స్థానంలో లేవు. పడవ మీద వెళ్తూ నీటిని చూసే సందర్శకునికి ఆ నీటి అడుగున ఒకప్పుడు ఇళ్లు, పొలాలు ఉండేవన్న సంగతి తెలియజేయడం పర్యాటక కథనం రాసేవారి బాధ్యత.

వారు ఎవరు?

గోదావరి మన్యంలో కొండరెడ్లు, కోయలు, కొండ కమ్మరులు, వాల్మీకులు ప్రధానంగా నివసిస్తున్నారు. కొండరెడ్లు ప్రత్యేకించి దుర్బలమైన గిరిజన సమూహాలలో ఒకరుగా గుర్తింపు పొందారు. గతంలో ఈ సమూహాలను 'ఆదిమ గిరిజన తెగలు' అని పేర్కొనేవారు. 2006లో కేంద్ర ప్రభుత్వం ఆ పదాన్ని విడనాడింది. వార్తా కథనాలలో 'ఆదిమ', 'అనాగరిక', 'నాగరికతకు దూరంగా' వంటి పదాలు నేటికీ చోటుచేసుకోవడం విచారకరం. మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ కొండరెడ్ల మధ్య సంచరించి 1945లో వెలువరించిన గ్రంథం వారి వ్యవసాయాన్ని, గ్రామ కట్టుబాట్లను, బయటి వ్యాపారుల చేతిలో వారు నష్టపోయిన తీరును నమోదు చేసింది.

కొండరెడ్ల మాతృభాష తెలుగు. కనుక తెలుగు సందర్శకులకు వారితో మాట్లాడటానికి దుబాసీ అవసరం లేదు. అయితే భాష ఒకటే అయినందున సంబోధనలో మర్యాద లోపిస్తే అది వెంటనే వారి మనసుకు తగులుతుంది. పట్టణంలో అపరిచితులను 'మీరు' అని పిలిచేవారే, గిరిజన పెద్దలను 'నువ్వు' అని, యువకులను 'ఏరా' అని సంబోధించడం పరిపాటిగా మారింది. ఈ అలవాటు మానుకోవాలి. పెద్దవారిని అయ్య అని, అమ్మ అని, 'మీరు' అని పిలవడం కనీస సంస్కారం. కోయలకు తమ సొంత భాష ఉన్నది; అధిక సంఖ్యాకులకు తెలుగు కూడా తెలుసు.

గ్రామంలో అడుగుపెట్టే ముందు

గ్రామంలో ప్రవేశించగానే పెద్దకాపును గాని, గ్రామ పెద్దలను గాని కలిసి వచ్చిన పని చెప్పుకోవాలి. అనుమతి లేకుండా ఇళ్లలోకి, దేవతల గుడిసెలలోకి, పవిత్రంగా భావించే చెట్ల వద్దకు వెళ్లరాదు. కొత్త పంటను దేవతకు నివేదించే కొత్త పండుగలు ఇక్కడి జీవన విధానంలో ముఖ్యమైనవి. మామిడి కొత్త జరిగే వరకు మామిడికాయ ముట్టని గ్రామాలు ఉన్నాయి. దారి పక్కన చెట్టుకు కాయ కనిపించింది కదా అని కోసుకోవడం పట్టణవాసికి చిన్న విషయం. ఆ గ్రామానికి మాత్రం కట్టుబాటును ఉల్లంఘించడమే. జీలుగు కల్లు వారి ఆహార, ఆచారాలలో భాగం. సందర్శకులు దానిని వినోద వస్తువుగా భావించి సేవించి, అనంతరం వాగులలో దిగడం ప్రమాదకరం.

ఛాయాచిత్రాలకు ముందుగా సమ్మతి పొందాలి. పిల్లలకు డబ్బులు, చాక్లెట్లు పంచి ఫొటోలు తీయడం, స్నానపు రేవుల వద్ద కెమెరాలు ఎక్కుపెట్టడం, డ్రోన్లు ఎగురవేయడం తగదు. అండమాన్‌లో జారవా తెగ మహిళలను ఆహారం ఆశ చూపి నృత్యం చేయించిన దృశ్యాలు 2012లో వెలుగు చూసినప్పుడు దేశమంతటా ఆవేదన వ్యక్తమైంది. జారవాలు బయటి ప్రపంచంతో సంపర్కం లేకుండా జీవించినవారు. కొండరెడ్ల పరిస్థితి అది కాదు. అయినప్పటికీ మనుషులను ప్రదర్శన వస్తువులుగా చూడరాదన్న నియమం రెండు చోట్లా ఒక్కటే.

అధికారిక బృందాలకు స్వాగతం పేరిట గిరిజనులను వ్యవసాయ పనులు మానిపించి నృత్యాలకు రప్పించడం సముచితం కాదు. ప్రదర్శన కోరినచో ముందుగా అంగీకారం పొంది, పారితోషికం నిర్ణయించి చెల్లించాలి. ధింసా అరకు ప్రాంతపు నృత్యం; కొమ్ము నృత్యం గోదావరి ప్రాంత కోయలది. ఒకదానిని మరొకటిగా పరిచయం చేయడం ఆ కళాకారులను చిన్నబుచ్చడమే అవుతుంది.

సొమ్ము ఎవరికి చేరాలి?

మన్యంలో కూలికి, రహదారికి ఉన్న సంబంధం చరిత్ర తెలిసినవారికి విదితమే. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయంపై ఆంక్షలు విధించింది. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రహదారి నిర్మాణంలో గిరిజనులతో చాలీచాలని కూలికి బలవంతంగా పని చేయించారు. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922 నుంచి 1924 వరకు సాగిన మన్యం పోరాటానికి ఈ అన్యాయాలు ముఖ్య కారణాలు. నేడు సామాను మోయడానికి, దారి చూపడానికి, వంట చేయడానికి గిరిజన యువకులను కుదుర్చుకునే సందర్శకులు కూలి ముందే మాట్లాడుకొని, పని ముగిసిన వెంటనే నేరుగా వారి చేతికే చెల్లించాలి. ఇచ్చినంత పుచ్చుకోమనే పద్ధతి వెట్టిని గుర్తుకు తెస్తుంది.

ఈ ప్రాంతం రాజ్యాంగంలోని 5వ షెడ్యూలు పరిధిలోనిది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను సవరిస్తూ వచ్చిన 1/70 నిబంధన ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు బదిలీ కావడం చెల్లదు. లీజు కూడా బదిలీ కిందికే వస్తుంది. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ రక్షణను మరింత పటిష్ఠం చేసింది. పర్యాటకం పేరిట ఈ నిబంధన సడలిపోగలదని గిరిజన సంఘాలు 2025 ఫిబ్రవరిలో ఆందోళనకు దిగగా, 1/70ను మార్చబోమని ముఖ్యమంత్రి స్పష్టం చేశారు. అందువల్ల బస ఎంచుకునేటప్పుడు అది ఎవరి భూమిలో ఉన్నది, ఎవరి నిర్వహణలో ఉన్నది అని అడగడం సందర్శకుని హక్కు మాత్రమే కాదు, కర్తవ్యం కూడా. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు తమ వనరులపై మాట చెల్లుబాటు కల్పించింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురు సహా చిన్నతరహా అటవీ ఫలసాయంపై యాజమాన్య హక్కును గుర్తించింది.

మారేడుమిల్లి రహదారి పక్కన లభించే బొంగులో చికెన్ ఇందుకు చక్కని ఉదాహరణ. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన మాంసాన్ని కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పులపై కాల్చే ఈ వంటకం ఎందరికో ఉపాధి కల్పిస్తోంది. ఒక్కొక్క వంటకు ఒక్కొక్క వెదురు ముక్క వ్యయమవుతుంది. గిరాకీ పెరిగే కొద్దీ వెదురు కొరత రాకుండా ముదురు గెడలను మాత్రమే క్రమపద్ధతిలో కోసి, లేత పిలకలను కాపాడుకోవలసిన అవసరం ఉన్నది. తేనె, కాఫీ, చింతపండు వంటివి కొనదలచినవారు 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ విక్రయశాలలలో గాని, సంతలో నేరుగా గిరిజనుల వద్ద గాని కొనుగోలు చేయవచ్చు. సంతలో బేరం ఆడే ముందు ఆ తేనె పట్టు కోసం ఎంత ఎత్తు ఎక్కారో అడిగి తెలుసుకోవడం ఉచితం.

ఆరోగ్య జాగ్రత్తలు

మన్యంలో మలేరియా చాలా కాలంగా పీడిస్తున్న సమస్య. సాయంత్రం నుంచి పొడవు చేతుల దుస్తులు ధరించడం, దోమతెరలో నిద్రించడం, దోమల నివారణ లేపనం వాడటం తప్పనిసరి. యాత్ర నుంచి తిరిగి వచ్చిన నెల రోజులలోపు జ్వరం వచ్చినచో మామూలు జ్వరమని ఉపేక్షించక, మన్యానికి వెళ్లి వచ్చిన విషయం వైద్యునికి చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల రోగ నిర్ధారణ ఆలస్యమై ప్రాణం మీదకు వచ్చే ప్రమాదం ఉన్నది.

వాగు నీరు ఎంత తేటగా కనిపించినా మరిగించి మాత్రమే తాగాలి. తేమ ప్రదేశాలలో జలగలు పట్టుకుంటాయి. అవి బాధ కలిగించినా సాధారణంగా ప్రాణహాని ఉండదు. పాము కాటు వేసినచో గాటు పెట్టడం, నోటితో విషం పీల్చడం, బిగించి కట్టు కట్టడం చేయరాదు. బాధితుని కదలనివ్వకుండా మోసుకొని ఆసుపత్రికి తరలించాలి. మారేడుమిల్లిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, రంపచోడవరంలో ఏరియా ఆసుపత్రి ఉన్నాయి. 108 వాహనానికి ఫోన్ చేయుటకు సంకేతం అందే చోటు ఎక్కడ ఉన్నదో నడక ఆరంభించక మునుపే మార్గదర్శకుని అడిగి తెలుసుకోవాలి. గర్భిణులు, గుండె జబ్బులు ఉన్నవారు వైద్యుని సలహా లేనిదే దీర్ఘ నడకకు పూనుకోరాదు.

బయలుదేరే ముందు సరిచూసుకోవలసినవి

అటవీశాఖ అనుమతి, బస ఖరారు, స్థానిక మార్గదర్శకుడు, వాతావరణ సూచన, గోదావరి నీటిమట్టం, ప్రథమ చికిత్స పెట్టె, టార్చిలైటు, నగదు, వ్యర్థాలు తిరిగి తెచ్చుకొనుటకు సంచి అవసరం. బృంద సభ్యుల పేర్లు, వెళ్లే మార్గం, తిరిగి వచ్చే సమయం రాసిన కాగితం ఒకటి బస వద్ద, ఒకటి ఇంటి వద్ద ఉంచాలి. నిర్ణీత సమయానికి బృందం తిరిగి రాకపోతే ఎక్కడ వెతకాలో ఆ కాగితమే చెబుతుంది.

పాత్రికేయ మిత్రులు జలపాతాల సొగసును వర్ణించేటప్పుడు అక్కడి లోతును, ప్రవాహ వేగాన్ని, నిషేధాజ్ఞలను కూడా అదే కథనంలో పొందుపరచవలసిందిగా కోరడమైనది. పర్యటనలు ఖరారు చేసే అధికారులు పర్యాటక, అటవీ, గిరిజన సంక్షేమ శాఖలను, సంబంధిత గ్రామసభను ముందుగా సంప్రదించినచో అసౌకర్యాలు చాలావరకు తొలగిపోగలవు. సందర్శకుడు క్షేమంగా ఇల్లు చేరి, అతనికి ఆతిథ్యం ఇచ్చిన గ్రామం మరుసటి ఏడు కూడా మరొక అతిథిని మనస్ఫూర్తిగా ఆహ్వానించగలిగిననాడే మన్యంలో పర్యాటకం నిలకడగా వర్ధిల్లుతుంది.

(సమాచార, పౌర సంబంధాల శాఖచే జారీ చేయడమైనది)